అన్నయ్య మాటల పరీక్షకు వరంగల్ వెళ్లొచ్చాను

పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినదాన్ని నేను. అలాంటిదాన్ని, యాభై దాటాక, ఊరు కాని ఊళ్లో, పైసా ఖర్చు లేకుండా, పరీక్షకు ముందు రోజే ప్రశ్నలు సంపాదించాను. లంచం ఇవ్వలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. వరండాలో నా పక్కన కూర్చున్నావిడతో కాసేపు కబుర్లు చెప్పాను, అంతే. మా వీధి కొట్లవాళ్లలో ఇంత చవకగా ఇంత సరుకు తెచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వచ్చి చెప్పండి, ఒప్పుకుంటాను.

పరీక్ష నాకు కాదు, మా అన్నయ్యకు. ఆ సరుకు ఆయనకు ఎంతకు పడిందో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

తెనాలి నుంచి

మాది తెనాలిలో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు అన్నయ్యది. పెళ్లయ్యాక కూడా నేను రెండు వీధుల అవతలే ఉండిపోయాను కాబట్టి నా సగం బతుకు ఆ కొట్లోనే గడిచింది. కిందటి ఏడు అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కాలు కొంత కోలుకుంది, మాట మాత్రం తిరిగి రాలేదు. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. తీరా మాట పెదాల దాకా వచ్చేసరికి జారిపోతుంది. "ఆ", "లేదు", ఒకటి నుంచి అంకెలు, కోపం వస్తే ఒక తిట్టు, ఇవి మటుకు తడుముకోకుండా వస్తాయి. దీన్ని అఫేసియా అంటారని డాక్టరు చెప్పాడు.

హనుమకొండలో కొందరు స్పీచ్ థెరపిస్టులు ఇలాంటివాళ్ల కోసం పరిశోధన చేస్తున్నారని తెలిసింది. మన తెలుగిళ్లలో ఉండే వస్తువుల బొమ్మలు చూపించి మాటలు తిరిగి రప్పించే పద్ధతి ఒకటి తయారుచేశారట. అది ఎంతవరకు పనిచేస్తుందో చూస్తున్నారట. ఎంపికైనవాళ్లకు ఆరు వారాల వైద్యం ఉచితం. పక్షవాతం వచ్చి ఏడాది దాటకూడదన్నది షరతు. అన్నయ్యకు పదకొండు నెలలు నిండిపోయాయి. వదిన తను కొట్టు చూసుకుంటానని, నన్ను తోడు వెళ్లమని అంది. "నువ్వైతే ఎక్కడికెళ్లినా పని చక్కబెట్టుకొస్తావు" అని కూడా అంది. ఆ పొగడ్త కడుపులో పెట్టుకుని రైలెక్కాను.

రైల్లో ఎదుటి సీటులో ఖమ్మం పెద్దాయన ఒకాయన అన్నయ్యను ఏ ఊరని అడిగాడు. నేను చెప్పాను. ఏం వ్యాపారమని అడిగాడు. అదీ నేనే చెప్పాను. కాసేపటికి ఆయన అన్నయ్య వైపు చూడటం మానేసి ప్రశ్నలన్నీ నాకే వేశాడు. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మొహాన ఎండ పడుతోందనుకుని నేను షట్టరు కూడా దించేశాను.

హనుమకొండ, వరండా

లాడ్జిలో గుమస్తా రోజుకు వెయ్యి అన్నాడు. టీవీ సుత ఉన్నదన్నాడు. మేం టీవీ చూడం, దాని మటుకు తగ్గించు అన్నాను. ఎనిమిది వందల యాభైకి దిగాడు. దిగి, అన్న మాట ప్రకారం రిమోట్ పట్టుకుపోయాడు. మనిషి నాకు నచ్చాడు.

థెరపిస్టులుండేది ఒక పాత ఇంట్లో. రెండు గదులు, ముందు వరండా, ఒక పొడుగాటి బల్ల. ఆ రోజు పేర్లు రాసుకుని, డాక్టరు కాగితాలు చూసి, పరీక్ష రేపన్నారు. పరీక్ష పెట్టేది సంధ్య అని ముప్పై ఏళ్ల అమ్మాయి. నెమ్మదస్తురాలు. నమస్కారం పెట్టింది అన్నయ్యకు, బదులు చెప్పింది నేను. అప్పుడు కూడా ఆ అమ్మాయి ఆయన్నే చూసింది. అదేమిటో నాకు కొత్తగా అనిపించింది.

బల్ల మీద పక్కన కూర్చున్నావిడ పేరు రజియా. వర్ధన్నపేట. భర్త ఖాజా దర్జీపని చేసేవాడట, ఆయనకూ ఇదే జబ్బు. కాకపోతే అన్నయ్యకు మాట రాదు, ఖాజా గారికి ఒకే మాట వస్తుంది. టీ తాగుతావా అన్నా, మీ ఊరేది అన్నా, నొప్పిగా ఉందా అన్నా "అదే అదే" అంటాడు. నవ్వుతూ అంటాడు, ఏడుస్తూ అంటాడు. వాళ్ల పరీక్షలు అంతకుముందే అయిపోయాయి, చోటు దొరికింది, ఆ రోజు వైద్యానికి వచ్చారు.

రజియా సంచిలోంచి ఉస్మానియా బిస్కెట్లు తీసి మాకు పెట్టింది. మా వైపైతే ముక్కూ మొహం తెలియనివాళ్లకు పెట్టే ముందు మీరెవరని, ఎవరి తాలూకని నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఇక్కడ ముందు పెట్టి తర్వాత అడిగారు. నేనేమో బిస్కెట్టు తింటూనే పనిలోకి దిగాను. ఎంత భయంగా ఉందో, పరీక్ష ఎలా ఉంటుందోనని నిట్టూర్చాను. నిట్టూర్పు సగమే నిజం.

"గంత ఫికర్ ఎందుకక్కా" అంది రజియా. "బొమ్మలు సూపిస్తరు, పేర్లు చెప్పుమంటరు. తాళం, దువ్వెన, నిచ్చెన, మేక, గొడుగు... మా ఆయన అన్నిటికి గదే మాట."

ఇంకా ఏమున్నాయని అడిగాను. భర్త పక్కన కూర్చుని రెండుసార్లు చూసింది కదా, గుర్తున్నవన్నీ చెప్పింది. పాపం, నా భయం పోగొడదామనే చెప్పింది.

మా వాళ్ల బుద్ధి ఎలాంటిదో ఇక్కడ చెప్పాలి. మిరపకాయల బస్తా బేరానికి పెట్టేటప్పుడు మంచి కాయ మూతి దగ్గర ఉండాలి. పెళ్లిచూపులకు మంచి చీర. బ్యాంకువాళ్లు వచ్చే రోజు కొట్టు నిండా సరుకు. ఎవరైనా పరీక్షించడానికి వస్తున్నారంటే ఉన్నదానికన్నా మేలుగా కనపడాలి, అప్పుడే తీసుకుంటారు. వైద్యానికి ఎంపిక చేయడం కూడా అలాంటిదేననుకున్నాను. మార్కులు బాగా వస్తే చోటు. వేరుగా ఆలోచించడం నాకు తట్టనే లేదు.

వరంగల్ చౌరస్తా బజారు

సాయంత్రం అన్నయ్యను ఆటోలో వరంగల్ బజారుకు తీసుకెళ్లాను. చదివించడానికి పుస్తకం లేదు కాబట్టి వస్తువులే కొందామనుకున్నాను. తాళం, దువ్వెన, గొడుగు, కత్తెర, గరిటె. మా తెనాలిలో కొట్టువాడు ధర చెప్పి మన మొహం చూస్తాడు. ఇక్కడ ధర చెప్పి వేరే పని చూసుకుంటాడు, మనం అడిగితేనే తిరుగుతాడు. ఆ పద్ధతికి అలవాటు పడటానికి నాకు మూడు కొట్లు పట్టింది. గొడుగు దగ్గర గెలిచాను, తాళం దగ్గర ఓడిపోయాను.

నిచ్చెన కొనలేం కదా. ఒకచోట కరెంటు పనివాళ్లు స్తంభానికి నిచ్చెన ఆనించి ఉంటే దాని ముందు అన్నయ్యను నిలబెట్టి "ని... నిచ్చె..." అని అందిస్తూ పోయాను. పైనున్న మనిషి చాలాసేపు ఓర్చుకుని, చివరికి కిందికి చూసి, "ఏందమ్మా, దిగమంటవా నన్ను?" అన్నాడు. మేక కోసం మాంసం కొట్టు దాకా నడిచాం. కట్టేసిన మేకను చూపించి అన్నయ్యతో అనిపిస్తుంటే కొట్టాయన నేను కొంటాననుకుని తొమ్మిది వేలన్నాడు. నేను శాకాహారిని. అయినా నోరు ఊరుకోలేదు, ఏడున్నరకు దించాను. తర్వాత వద్దని వెళ్లిపోతుంటే వెనకనుంచి ఆయన ఏదో అన్నాడు. ఆ ఉర్దూ నాకు అర్థం కాకపోవడమే మంచిదైంది.

లాడ్జికి వచ్చి సామానంతా మంచం మీద పరిచాను. ఒక్కొక్కటి ఎత్తి చూపించడం, మొదటి అక్షరం అందించడం, అనిపించడం, మళ్లీ అనిపించడం. అన్నయ్య కాసేపు బాగానే అన్నాడు. తర్వాత నోరు మూసుకున్నాడు. గొడుగు చూపిస్తే తల అటు తిప్పుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని, నా కోసం, వదిన కోసం అన్నాను. చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత "గొడుగు" అన్నాడు. అలిసిపోయాడని అప్పుడు అనుకున్నాను. మార్వాడీ భోజనశాలలో ఆయనకు రెండు పుల్కాలు ఎక్కువ వేయించాను.

పరీక్ష గది

సంధ్య నన్ను లోపలికి రానిచ్చింది కానీ అన్నయ్య వెనక కుర్చీ వేసింది. మాట అందించొద్దు, సైగ చేయొద్దు అంది. ముందు కాసేపు మామూలు మాటలు మాట్లాడింది. టీ తెప్పించింది. బొమ్మల అట్టలు తీసింది.

తాళం వచ్చింది. దువ్వెన వచ్చింది. మధ్యలో రజియా చెప్పని బొమ్మ ఒకటి, చెవి. మూడేళ్ల పిల్లలు చెప్పేది. అన్నయ్య తన చెవి పట్టుకుని చూపించాడు, మాట మాత్రం రాలేదు. తర్వాత నిచ్చెన, అట్ట బల్ల మీద పెట్టీ పెట్టకముందే చెప్పేశాడు. సంధ్య రాసుకుంటూ ఒక్క క్షణం ఆగింది. వెనక కూర్చుని నేను మనసులో మార్కులు కలుపుకుంటున్నాను.

మేక అట్ట వచ్చింది. అన్నయ్య దాన్ని చూసి, చెప్పలేదు. ఎడమచేత్తో అట్టను పక్కకు జరిపాడు. టీ కప్పు కింది సాసరు లాక్కుని తన ముందు పెట్టుకున్నాడు. దాని అంచు మీద బొటనవేలు ఆనించి మెల్లిగా నొక్కాడు. సాసరు ఒకవైపు వంగింది. తలెత్తి సంధ్యను చూశాడు.

మా కొట్లో ఇత్తడి తూకానికి అమ్ముతాం. తక్కెడలో సరుకున్న పళ్లెం అంచున బొటనవేలు ఆనిస్తే వంద గ్రాములు లేనిచోట వంద గ్రాములు వస్తాయి. చూసేవాళ్లకు పళ్లెం పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ పని చేశాడని నాన్న మా సొంత చిన్నాన్ననే కొట్లోంచి పంపేశాడు. ఆ దొంగతనానికి మా ఇంట్లో మాట అక్కర్లేదు, ఆ వేలు చాలు.

సంధ్యకు అది ఎలా తెలుస్తుంది? చెయ్యి నొప్పిగా ఉందా అని ఆయన్ను అడిగింది. "లేదు" అన్నాడు. మళ్లీ సాసరు నొక్కాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, ఏం చెప్తున్నారమ్మా అంది.

పుట్టినప్పటినుంచీ ఆయన సైగలు ఎరిగినదాన్ని. అలిసిపోయాడండీ అన్నాను.

అన్నయ్య అరచేత్తో బల్ల మీద కొట్టాడు. కుర్చీలో కష్టపడి తిరిగి నన్ను చూశాడు. మెడ నరాలు పొంగాయి. పెదాలు రెండుసార్లు కలిసి విడిపోయాయి.

"చె... చెప్పు."

ఎవరూ నేర్పని మాట. ఆ, లేదు కాకుండా, పదకొండు నెలల్లో తనంతట తను నాతో అన్న మొదటి మాట అది.

చెప్పాను. ఎలా చెప్పానో కూడా చెప్పాలి. నా నోటినుంచి ముందుగా వచ్చింది "రజియా చెప్పిందండీ బొమ్మల పేర్లు" అని. నేను అడిగాననీ, నేను కొన్నాననీ, నేను అనిపించాననీ ఆ తర్వాత వచ్చాయి. సంధ్య అంతా విని కలం మూసేసింది. కోప్పడితే బావుండేది.

"ఎన్ని మాటలు వస్తయో చూస్తలేనమ్మా" అంది. "ఎక్కడ ఆగిపోతుండ్రో చూస్తున్న. అది తెలిస్తేనే వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలెనో తెలుస్తది. ఇప్పుడు ఈ మాటలు బాగైతే, అది నా వైద్యమా మీ ట్యూషనా, ఎట్ల జెప్పాలె నేను?"

అప్పుడైనా ఊరుకోవాలి కదా. బేరం మొదలుపెట్టాను. నేర్పినవి తీసేసి మిగిలినవి లెక్కేయండి అన్నాను. అట్ల ఏరుకుంటే అది పరిశోధన కాదంది. ఇంకో బొమ్మల కట్ట లేదా అన్నాను. ఉంది, కానీ వైద్యం అయిపోయాక చూడటానికి దాచింది, ముందే తియ్యలేనంది. పోనీ, ఒక నెల ఆగి వస్తాం అన్నాను. నేర్పినవి మరిచిపోయాక రావచ్చంది. అని, అన్నయ్య కాగితాల మీద తేదీ చూపించింది. నెల ఆగితే ఏడాది దాటుతుంది. దాటితే తీసుకోరు. ఒక్కరికి షరతు సడలిస్తే మిగతా అందరి లెక్కా పాడవుతుందంది. నా దగ్గర ఇంకో ధర లేదు.

ఆ అమ్మాయి నన్ను వదిలేసి అన్నయ్య ముందు కుర్చీ జరుపుకుని, ఇదంతా మళ్లీ ఆయనకు చెప్పింది, చిన్న చిన్న మాటల్లో, ఆగి ఆగి. పరిశోధనలో చోటు ఇవ్వలేను, కోపం వచ్చిందా అని అడిగింది. ఆయన చాలాసేపు తీసుకుని "లేదు" అన్నాడు. ఆ "చాలాసేపు" ఎంతసేపో నాకు ఇప్పటికీ తెలుసు. రజియాకు రేపు సాయంత్రం తనే ఫోను చేసి, బొమ్మల పేర్లు ఎవరికీ చెప్పొద్దని చెప్పాలి అంది. వాళ్ల చోటుకు ఇబ్బంది లేదని కూడా అంది. మర్నాడు పొద్దున బయటి రోగులకు చూసే ఒక గంట మాకిస్తానంది, దానికి ఫీజు ఉంటుంది.

ఆ గంటలో ఆమె నేర్పింది ఎక్కువగా నాకే. ఆయన మాట వెతుక్కుంటున్నప్పుడు నా నోరు మూసుకోవాలి. పెదాలు కాదు, కళ్లు చూడాలి. రోజంతా ఇదేంటి అదేంటి అని పరీక్షలు పెట్టకూడదు. అవుననో కాదనో చెప్పే ప్రశ్న వేయాలి, సైగ చేస్తే దాన్నీ మాటగానే తీసుకోవాలి. బయటికొచ్చాక ఆటోవాడితో అన్నయ్యే మాట్లాడాడు. వేళ్లతో ధర చెప్పి, కాదంటే తల ఊపాడు. నేను చీర కొంగు పళ్లకింద పెట్టుకుని నిలబడ్డాను.

వర్ధన్నపేట

ఫోను వెళ్లేలోపు నేనే వెళ్లి చెప్పాలని ఖమ్మం రోడ్డు బస్సెక్కాం. వరండాలోనే నంబరు తీసుకున్నాను కాబట్టి దారి అడగడానికి రజియాకు ఫోను చేస్తే చుట్టపుచూపుకు వస్తున్నామనుకుని తెగ సంబరపడింది. వెళ్లేసరికి బగారన్నం, వంకాయ కూర చేసి ఉంచింది. మేం నీసు తినమని వరండాలో ఎప్పుడన్నానో, గుర్తుపెట్టుకుంది. కూర ఎరుపు చూసి భయమేసింది. మా గుంటూరు వైపు ఆ రంగుంటే నీళ్ల బిందె పక్కన పెట్టుకోవాలి. నోట్లో పెడితే కారమే లేదు. చపాటా మిరపకాయట, లావుగా గుండ్రంగా ఉంటుంది, రంగు తప్ప ఘాటు ఇవ్వదు. రెండోసారి వడ్డించుకున్నాను.

చెప్పాల్సింది తినకముందు చెప్పాలి. నేను తిన్నాక చెప్పాను.

రజియా గిన్నెలు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. మొదట అడిగింది భర్త చోటు గురించే. తీసేస్తరా అంది. లేదని సంధ్య చెప్పిందన్నాను. నా మాట మీద ఆగలేదు, నా ముందే సంధ్యకు ఫోను చేసి కనుక్కుంది. ఆగడానికి నేనేం మిగిల్చానని? ఫోను పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నేను నీతోని ముచ్చట పెట్టినక్కా. నువ్వు సౌదా చేసినవు."

సౌదా అంటే బేరమని నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆమె లేచి వెళ్లి టీ పెట్టింది. టీ వద్దని లేచిపోయే ముఖం కూడా నాకు లేకపోయింది.

వాకిట్లో అన్నయ్యా ఖాజా గారూ ఒకే మంచం మీద కూర్చున్నారు. ఖాజా గారు తన పాత కుట్టుమిషను చూపించి "అదే అదే" అంటున్నాడు. అన్నయ్య వింటున్నాడు. మళ్లీ ఖాజా గారు ఎడమచేత్తో ఒక చొక్కా కాలరు గాలిలో గీసి, "అదే" అని మెల్లిగా అన్నాడు. అన్నయ్య తన చొక్కా కాలరు తడిమి, తల ఊపి, "ఆ" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఏ ఒక్కరూ రెండోవాళ్ల మాట పూర్తిచేయలేదు. బస్సుకు టైమవుతోందని పిలవబోయి, ఆ మాట మింగేశాను. ఒక బస్సు పోయింది.

వరంగల్ దాకా వెళ్లి రామప్ప చూడకుండా ఎలా వచ్చావని తర్వాత చాలామంది అడిగారు. నిజమే, చూడలేదు. కోట చూడలేదు, వేయి స్తంభాలూ చూడలేదు. గుళ్లో నిలబడి దండం పెట్టుకునే ముఖంతో నేను ఆ ఊళ్లో లేను.

తిరిగి తెనాలి

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రయాణం చేసి వచ్చినవాళ్లు కాఫీ తాగుతూనే ఖర్చు లెక్క పైకి చెప్పాలి, ఇంట్లోవాళ్లు వినాలి. తాతనాటి నుంచీ అంతే. అందుకని రైల్లోనే ఒక మాట తయారుచేసుకున్నాను. ఖాళీలు లేవన్నారు, అంతే. చిన్న మాట, ఎవరికీ నష్టం లేనిది. మధిర దాటేసరికి నాకే నమ్మకం కలిగింది.

వదిన కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంది. లెక్కకంటే ముందు, చోటు దొరికిందా అని అడిగింది. ఖాళీలు లేవన్నారు వదినా అన్నాను. పాపం, సరేలే, నువ్వు మటుకు ఏం చేస్తావు అంది.

అన్నయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నోరు తెరిచాడు. నేను ఆయన కళ్లు చూస్తూ కూర్చున్నాను. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. ఇంతకుముందైతే ఆ సందులో నేను ఇంకేదో చెప్పి నింపేసేదాన్ని. వదిన కూడా ఆయన వైపు తిరిగింది.

"లేదు" అన్నాడు, నన్ను చూసి.

అప్పుడు మొత్తం చెప్పాను, ఈసారి రజియా పేరు మొదట రాకుండా. వదిన కాలిక్యులేటర్ మీద వేలు పెట్టి, ఊఁ, లెక్క చెప్పు అంది.

రైలుకు రానూపోనూ ఎనిమిది వందలు. గదికి రెండు వేల ఐదు వందల యాభై. తిండికి పద్నాలుగు వందల ఇరవై. ఆటోలూ బస్సులూ ఆరు వందల నలభై. తాళం, గొడుగు వగైరా ఐదు వందల తొంభై. సంధ్య ఫీజు ఆరు వందలు. మొత్తం ఆరు వేల ఆరు వందలు. బేరమాడి నేను మిగిల్చింది ఆరు వందల యాభై. పోగొట్టింది, అన్నయ్యకు ఉచితంగా రావలసిన ఆరు వారాల వైద్యం. ఆ పద్దు నా పేర రాయమన్నాను.